బొట్టు పెట్టించుకున్న డిస్కు

నేను ఒక డిస్కుని. గుండ్రంగా, పల్చగా, ఒకవైపు తెల్లగా, ఇంకోవైపు అద్దంలా ఉంటాను. నడుమ ఒక చిల్లు. చిల్లు చూసి చిన్నచూపు చూడకండి, అది లేకపోతే ఏ ప్లేయరూ నన్ను తిప్పలేదు.

పుట్టినప్పుడు నాలో ఏమీ లేదు. సినిమా కంపెనీల వాళ్లు ఫ్యాక్టరీలోనే అచ్చుగుద్దించే డిస్కులు వేరు. వాళ్లు చదువు పూర్తిచేసుకునే పుడతారు. వాళ్ల మీది గుర్తులు ఎంత చూపు మందగించిన ప్లేయరుకైనా కనిపిస్తాయి. నాలాంటివాళ్లకి ఇంట్లో కూర్చోబెట్టి చదువు చెప్పాలి. మా ఒంటి మీద రంగు పొర ఒకటి ఉంటుంది. కంప్యూటర్లోని లేజరు దాని మీద సన్నని చుక్కలు పెడుతుంది. చుక్కలు తిన్నగా పడ్డాయా, సరే. పడలేదా, ప్లేయరు మమ్మల్ని లోపలికి లాక్కుని, కాసేపు నమిలి, తెర మీద 'నో డిస్క్' అని రాస్తుంది. గుమ్మంలో నిలబడ్డ చుట్టాన్ని చూస్తూనే 'ఎవరూ రాలేదండీ' అన్నట్టు.

సామర్లకోటలో ఒక కంప్యూటరు షాపులో, గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో మేం పదిమందిమి ఒకరి మీద ఒకరం కూర్చుని ఉండగా సుభాషిణి వచ్చి కొనుక్కుంది. పదిమందిలో అందరికన్నా అడుగున నేను. అడుగున ఉండటం వల్ల మేలే జరిగింది. మనుషులు చేయగల తప్పులన్నీ పైవాళ్ల మీదే చేసేశారు. ఒక్కటి తప్ప.

సుభాషిణి రైల్వే గుమస్తా జగన్నాథం గారి భార్య. డిగ్రీలో ఫిజిక్సు చదివింది. ఆ ఫిజిక్సుని పదిహేనేళ్లుగా ప్రెషర్ కుక్కరు మీద మాత్రమే వాడుతోంది. సాయంత్రాలు కోలాటానికి వెళ్తుంది. అక్కడ నేర్పేది మంగతాయారు గారు. అరవై మూడేళ్ల మనిషి. కుడి మోకాలికి పట్టీ, చేతిలో కోలలు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక తాళం. ఆవిడ దగ్గర పదహారు మంది ఆడవాళ్లు నేర్చుకుంటున్నారు. అందులో కిరాణా కొట్టావిడ ఉంది, అంగన్‌వాడీ టీచరు ఉంది, వియ్యపురాళ్లు ఇద్దరున్నారు. ఆ ఇద్దరినీ మాత్రం ఎదురెదురుగా నిలబెట్టరు. చేతుల్లో కోలలుంటాయి కదా మరి.

కాకినాడలో ఏటా మహిళా కళోత్సవం జరుగుతుంది. అందులో ఆడాలనుకునేవాళ్లు ముందుగా తమ ఆటని డీవీడీలో పెట్టి పంపాలి. కమిటీవాళ్లు తమ ప్లేయర్లో వేసి చూసి, నచ్చితే పిలుస్తారు. కిందటేడు మంగతాయారు గారి బృందం కూడా పంపింది. నెల్లాళ్లకి ఉత్తరం వచ్చింది: 'మీరు పంపిన డిస్కు మా ప్లేయరులో ఆడనందున పరిశీలించలేకపోయాము.'

ఆ ఉత్తరం ఆవిడ పారేయలేదు. పర్సులో మడతపెట్టి ఉంచుకుంది.

"బాలేదంటే ఊరుకుందునమ్మా. బాలేదని చెప్పడానికైనా చూడాలి కదా! పదహారు మంది ఆరు నెలలు గెంతితే, వాళ్ల డబ్బాకి అరగలేదంట!"

"ఈసారి నేను చూసుకుంటాను పిన్నిగారూ," అంది సుభాషిణి.

"చూసుకోవాలి తల్లీ. మోకాలి డాక్టరు వచ్చే ఏడాదినుంచి గెంతొద్దన్నాడు. ఈ ఒక్కసారి మిమ్మల్ని ఆ స్టేజీ ఎక్కించానంటే, కోలలు అటక మీద పెట్టేస్తాను. అడగను ఇంకేమీ."

కిందటేడు జరిగిన తప్పేమిటో సుభాషిణి తొందరగానే కనిపెట్టింది. ఆట వీడియో తీసిన స్టూడియో అబ్బాయి కంప్యూటర్లోని ఫైలుని ఉన్నదున్నట్టు డిస్కు మీదకి దించి ఇచ్చేశాడు. కంప్యూటరుకి అది వీడియోయే. డీవీడీ ప్లేయరుకి మాత్రం రాని భాషలో రాసిన ఉత్తరం. ప్లేయరుకి అర్థమయ్యే పద్ధతిలోకి మార్చి, ఆ తర్వాతే రైట్ చేయాలి. మా ఊళ్లో డిస్కు తయారుచేయడాన్ని 'రైట్ చేయడం' అనే అంటారు. ఎక్కువసార్లు రాంగే అవుతుందనుకోండి, అది వేరే సంగతి.

మా పెద్దన్నని సుభాషిణి సరైన పద్ధతిలోనే రైట్ చేసింది. కానీ చివర్లో కంప్యూటరు ఒక ప్రశ్న అడుగుతుంది, 'ఇక ఇందులో ఏమీ రాయవు కదా, మూసేయమంటావా?' అని. సుభాషిణి చూస్తే డిస్కులో సగం చోటు ఖాళీగా ఉంది. సగం ఖాళీగా ఉన్న డబ్బాకి సీలు వేయడానికి ఏ ఇల్లాలికైనా మనసొప్పుతుందా? రేపు వరలక్ష్మీ వ్రతం వీడియో వస్తే పెట్టుకోవచ్చని 'వద్దు' అని నొక్కింది. మూత వేయని డిస్కుని ప్లేయర్లు ముట్టుకోవు. అన్నయ్య కంప్యూటర్లో దర్జాగా ఆడాడు, టీవీ దగ్గరికి వెళ్తే 'నో డిస్క్'.

ఇంకొకడిని రైట్ చేస్తూ ఉండగా జగన్నాథం గారు "అది దాని పని చేసుకుంటుంది, నా పని నేను చేసుకుంటాను" అంటూ అదే కంప్యూటర్లో పేకాట తెరిచారు. ఆయన ఆటీను రాణి కోసం వెతుకుతుంటే కంప్యూటరు రెండు పనుల మధ్య నలిగిపోయి, మావాడి చదువు మధ్యలో ఆపేసింది. ఆ తర్వాతి ముగ్గురిని సుభాషిణి తొందరకొద్దీ ఎక్కువ స్పీడులో రైట్ చేసింది. ఆదరాబాదరా పెట్టిన ముగ్గు ఎలా ఉంటుందో తెలుసుగా, చుక్క ఒక చోట, గీత ఒక చోట. ఒక ప్లేయరు చదివింది, ఒకటి నత్తినత్తిగా చదివింది, ఒకటి పళ్లు పటపటలాడించి బయటికి ఉమ్మేసింది.

ఆరో వాడిది మాత్రం నిజంగా విషాదం. బాగా ఆడేవాడు. పక్కింటి అచ్చియ్యమ్మ గారు కూడా బృందంలో మనిషే. ఆవిడకి వాడు బోసిగా కనిపించాడు. శుభలేఖ మీది వినాయకుణ్ని కత్తిరించి, మైదా ఉడికించి, తెల్లవైపు అతికించింది. ఆవిడ ప్లేయర్లోనే వేసి చూశారు. లోపలి వేడికి కాగితం లేచింది, బరువు ఒకవైపుకి ఒరిగింది, ఆటో చక్రంలా గడగడమని తిరిగి వాడు లోపలే ఇరుక్కున్నాడు. స్క్రూడ్రైవరుతో ప్లేయరు పొట్ట విప్పి తీశారు.

"మీ డిస్కులకి మా ఇల్లు ఆపరేషన్ థియేటరు అయిపోయిందండి సుభాషిణి గారూ," అంది అచ్చియ్యమ్మ గారు.

"అతికించింది మీరేనండి."

"మరేనండి. వినాయకుణ్ని అతికించాను. విఘ్నం మీ డిస్కులోంచే వచ్చింది."

మిగతా ముగ్గురి సంగతి అడక్కండి. ఇద్దరు జగన్నాథం గారి టీ గ్లాసుల కింద స్థిరపడ్డారు.

అలా నా వంతు వచ్చింది. ఆఖరి డిస్కుని. ఆ రోజు సుభాషిణి నన్ను అంచులు పట్టుకుని తీసింది, అద్దం వైపు వేలు తగలనివ్వలేదు. జగన్నాథం గారికి చేతిసంచీ ఇచ్చి బజారుకి పంపింది. కంప్యూటర్లో ఇంకేమీ తెరవలేదు. స్పీడు అన్నిటికన్నా తక్కువది పెట్టింది. అడిగినప్పుడు మారు ఆలోచించకుండా మూత వేయమంది. లేజరు నా ఒంటి మీద నెమ్మదిగా, లోపలి నుంచి బయటికి, చుక్క వెంట చుక్క పెట్టుకుంటూ పోయింది. చక్కిలిగింతలు పెట్టినట్టుండేది. పూర్తయ్యేసరికి పదహారు మంది ఆడవాళ్లు నాలో గుండ్రంగా తిరుగుతున్నారు.

తర్వాత నాకు పెళ్లిచూపులు. ఐదు ఇళ్లు, ఐదు రకాల ప్లేయర్లు. ఐదింటిలోనూ ఆడితేనే కాకినాడకి. నన్ను తలగడ గలీబులో చుట్టుకుని సుభాషిణి ఇంటింటికీ తిప్పింది. ప్రతి ఇంట్లోనూ ఆవిడకి కాఫీ, నాకు పరీక్ష. కిరాణా కొట్టావిడ ప్లేయరు అన్నిటికన్నా చవకది, ఏం పెట్టినా తినేస్తుంది. అంగన్‌వాడీ టీచరు వాళ్లది మస్కట్ నుంచి వచ్చింది. ఊళ్లోకెల్లా ఖరీదైనది, అందుకని ఊళ్లోకెల్లా అలిగేది. అది నన్ను చాలాసేపు ఎగాదిగా చూసి, తిప్పి, ఆపి, మళ్లీ తిప్పి, చివరికి తెర మీద మంగతాయారు గారి బృందాన్ని చూపించింది. సుభాషిణి ఆ ఇంట్లో రెండో కాఫీ అడిగి మరీ తాగింది.

పంపడానికి గడువు శుక్రవారం సాయంత్రం ఐదు గంటలు. పోస్టుని నమ్మకుండా సుభాషిణి, మంగతాయారు గారు తామే బస్సులో కాకినాడ వెళ్లి ఇద్దామనుకున్నారు. ఆ రోజుల్లో మాకు పన్నెండు నుంచి నాలుగు దాకా కరెంటు కోత. భోజనాలయ్యాక మంగతాయారు గారు పట్టుచీర కట్టుకుని వచ్చింది. నన్ను పెట్టడానికి సరైన కవరు కోసం సుభాషిణి లోపలి గదిలోకి వెళ్లింది.

నేను టేబుల్ మీద ఉన్నాను. మంగతాయారు గారు నన్ను చేతుల్లోకి తీసుకుంది. పాపం, అంచులే పట్టుకుంది, ఆ మాత్రం శిక్షణ అందరికీ వచ్చేసింది. ముందు తెల్లవైపు చూసింది. తిప్పి అద్దం వైపు చూసింది. అందులో తన మొహం కనిపించింది. శుభమా అని గడప దాటుతున్న వస్తువు బోసిమొహంతో వెళ్లడమేమిటనుకుంది. మొహం ఏ వైపు? మెరిసే వైపే కదా! దేవుడి గూట్లోంచి తడి పసుపు తెచ్చి, వేలితో అద్దం మీద రాసి, దాని మీద నిండుగా కుంకుమ బొట్టు పెట్టింది. నాకు దండం కూడా పెట్టింది.

నేను చాలా అందంగా ఉన్నానని తర్వాత ఆవిడే అందరికీ చెప్పింది.

సుభాషిణి కవరుతో బయటికి వచ్చింది.

"పిన్నిగారూ... ఏం చేశారండీ?"

"బొట్టు పెట్టానమ్మా. చూడు, లక్ష్మీదేవిలా ఉంది."

"ఆట ఉన్నది ఆ వైపేనండీ!"

"మొహం మీద కాక వీపు మీద పెడతారేంటే ఎవరైనా?"

దీనికి ఫిజిక్సులో సమాధానం లేదు. సుభాషిణి పాత వాయిల్ చీర ముక్క తడిపి, మధ్య నుంచి అంచుకి, తిన్నగా, ఊపిరి బిగబట్టి తుడిచింది. గుండ్రంగా తుడిస్తే చుక్కల వరస వెంబడే గీత పడుతుంది. కుంకుమ పోయింది. పసుపూ పోయింది. పసుపులోని ఒక రవ్వ మాత్రం పోతూ పోతూ నా ఒంటి మీద వెంట్రుకంత గీత గీసింది. ఇంకో డిస్కుని రైట్ చేద్దామంటే డిస్కు లేదు, ఉన్నా కరెంటు లేదు. ఆడుతుందో లేదో వేసి చూద్దామంటే దానికీ కరెంటే కావాలి.

"పోయిందా?" అంది మంగతాయారు గారు. "నా చేత్తో నేనే పోగొట్టానా?"

"ఏమో పిన్నిగారూ. పదండి, బస్సు వెళ్లిపోతుంది."

ఐదు కాకముందే కాకినాడలో దిగారు.

కమిటీ ఆఫీసులో ఆ రోజే డిస్కులు చూస్తున్నారు. "మీదొక్కటే మిగిలిందమ్మా, ఉంటే వేసేస్తాం," అని గుమస్తా నన్ను లోపలికి తీసుకుపోయాడు. వాళ్లిద్దరినీ వరండాలో బెంచీ మీద కూర్చోమన్నారు. లోపల పట్టాభి గారని కళ్లద్దాల పెద్దాయన, లలితాంబ గారని సంగీతం టీచరు ఉన్నారు. వాళ్ల ముందు, కిందటేడు మావాళ్లని చూడను పొమ్మన్న ఆ ప్లేయరు.

లోపలికి వెళ్లాను. దాని లేజరు కన్ను నన్ను చదవడం మొదలుపెట్టింది. పాట మొదలైంది. బయట వరండాలో మంగతాయారు గారి చెవులు గోడకి అంటుకుపోయి ఉంటాయని నాకు తెలుసు. గోపికలు బయల్దేరారు, కోలలు కలిశాయి, మొదటి చుట్టు, రెండో చుట్టు. మంగతాయారు గారు తానే కట్టిన పాట అది. అందులో యశోద ఇంట్లోంచి అడుగుతుంది: 'తలుపు తట్టేదెవరమ్మా?' ఆ మాట దగ్గరికి వచ్చేసరికి లేజరు గీత మీదకి వచ్చింది.

ఆగింది.

తెర మీద పదహారు మంది కోలలు గాలిలో లేపి బొమ్మల్లా నిలబడిపోయారు. పాట ఆగింది. గదిలో ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. ప్లేయరు గీత అవతలికి చూడటానికి ప్రయత్నిస్తోంది, నేను నా వంతు తిరుగుతూనే ఉన్నాను, ఇద్దరం చెమటలు కక్కాం. ఒక సెకను. రెండు. టక్కున గీత దాటింది. పదహారు జతల కోలలు ఒక్కసారి మోగాయి, తలుపు తట్టినట్టు. అక్కడినుంచి పాట ఆఖరిదాకా ఎక్కడా తడబడలేదు.

పట్టాభి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ బయటికి వచ్చారు. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు పాలిపోయి ఉన్నారు.

"గురువుగారు ఎవరమ్మా?"

"నేనేనండి," అంది మంగతాయారు గారు, ఉరిశిక్ష వినడానికి లేచినట్టు లేచి.

"'ఎవరమ్మా' అని అడిగి ఆపేశారు చూడండి! అడిగినావిడ జవాబు కోసం చెవొగ్గినట్టు! ముప్ఫై ఏళ్లుగా కోలాటాలు చూస్తున్నాను, అందరూ గెంతేవాళ్లే, ఆగడం తెలిసినవాళ్లని ఇప్పుడే చూశాను. ఎవరికి వచ్చిందండీ ఆ ఆలోచన?"

"అది ఆపడం కాదండి, పసుపు..." అని మంగతాయారు గారు మొదలుపెట్టింది. సుభాషిణి ఆవిడ మంచి మోకాలున్న కాలు తొక్కింది.

"పసుపు కుంకాలతో సహా అంతా మా పిన్నిగారి ఆలోచనేనండి," అంది.

"ఆ ఘట్టం మాత్రం స్టేజీ మీద ఇలాగే ఉండాలి. దాని కోసమే మిమ్మల్ని ఆఖరి అంశంగా పెడుతున్నాం," అని చెప్పి, గుమస్తా చేత నన్ను తిరిగి ఇప్పించి ఆయన లోపలికి వెళ్లిపోయారు.

కళోత్సవానికి పన్నెండు రోజులుంది. తిరుగు బస్సులో మంగతాయారు గారు ఒకటే సణుగుడు. "కోలాటంలో చెయ్యి ఆగకూడదే! మా గురువుగారు ఆగితే మణికట్టు మీద కొట్టేవారు. ఇప్పుడు నేను పదహారు మందికి ఆగడం నేర్పాలా?"

మర్నాడు అందరూ అచ్చియ్యమ్మ గారింట్లో చేరారు, 'ఎవరమ్మా'లో సరిగ్గా ఏ అక్షరం దగ్గర, ఎంతసేపు ఆగాలో చూసుకోడానికి. నన్ను వేశారు. నేను జారుడుబల్ల మీద జారినట్టు ఆఖరిదాకా ఆడేశాను. ఆ ప్లేయరుకి గీత అసలు కనిపించనే లేదు.

"ఆగలేదేంటండీ?" అన్నారు పదహారు మంది.

మళ్లీ గలీబు, మళ్లీ ఐదు ఇళ్లు. నెల్లాళ్లు నేను ఆగకుండా ఆడాలని మొక్కుకున్న మనుషులు, ఇప్పుడు నేను ఒక్కసారి ఆగితే చాలని టీవీల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు. కిరాణా కొట్టావిడ ప్లేయరు సరే. మస్కట్ ప్లేయరు మీద అందరికీ గట్టి నమ్మకం ఉండేది. అదీ ఆ రోజే మంచితనం తెచ్చుకుంది.

"అవసరం లేనప్పుడు వందసార్లు ఆగుద్దండి ఇది," అని అంగన్‌వాడీ టీచరు దాని నెత్తిన ఒకటి మొట్టింది. "చుట్టాలొస్తే బుద్ధిమంతురాలు!"

"పోనీ ఇంకొంచెం పసుపు రాద్దామాండీ?" అంది అచ్చియ్యమ్మ గారు. సుభాషిణి నన్ను తీసి గుండెకి హత్తుకుంది.

"ఆ రోజు విన్నారు కదండీ సుభాషిణి గారూ, సరిగ్గా ఏ అక్షరం దగ్గర ఆగిందో గుర్తులేదా?"

"భయంతో కళ్లూ చెవులూ మూసుకున్నానండి."

ఒక మూల కుర్చీలో మోకాలికి నూనె రాసుకుంటున్న మంగతాయారు గారు తల పైకెత్తింది.

"ఆ డబ్బాలన్నీ కట్టేయండి. నా గుండె ఆగిన చోటు నాకు తెలీదంటే! లేవండి, కోలలు తీయండి. 'ఎవరమ్మా'లో 'మ్మా' పూర్తవ్వాలి. కోల పైకి లేచి ఉండాలి. నేను మనసులో రెండు లెక్కపెడతాను. ఎవరు కదిలినా మణికట్టు మీద పడుద్ది."

ఆగడం గెంతడంకన్నా కష్టమని ఆ పన్నెండు రోజుల్లో తెలిసింది. ఆగగానే కిరాణా కొట్టావిడకి నవ్వొచ్చేది. అచ్చియ్యమ్మ గారికి దురద పుట్టేది. వియ్యపురాళ్లు ఆ రెండు సెకన్లూ ఒకరినొకరు గుడ్లురిమి చూసుకునేవారు. అదే అందరికన్నా కుదురుగా వచ్చిందని మంగతాయారు గారు ఆ ఇద్దరినీ మొట్టమొదటిసారి ఎదురెదురుగా, ముందు వరసలో నిలబెట్టింది.

కళోత్సవం రోజు నేను సుభాషిణి హ్యాండ్‌బ్యాగులో, స్టేజీ పక్కన ఉన్నాను. ఎందుకు తెచ్చిందో తెలియదు, అక్కడ నాతో పనేమీ లేదు. మంగతాయారు గారు మైకు ముందు నిలబడి తానే పాడింది. చీకటి బ్యాగులోంచి నాకు వినిపించిందంతా నాలో ఉన్నదే. నాకు ప్రతి అడుగూ వచ్చు. 'తలుపు తట్టేదెవరమ్మా?' అన్నది వచ్చింది.

నిశ్శబ్దం.

ఆ రోజు ఆఫీసు గదిలో ఆగింది నేను, ఇప్పుడు ఆగింది వాళ్లు. ఒక్క గాజు కదల్లేదు. మైదానంలో బఠాణీలు నమిలేవాళ్లు కూడా నమలడం మానేశారు. పదహారు జతల కోలలు మోగేసరికి, దాని మీద వచ్చిన చప్పట్లకి తర్వాతి చరణం నాకు వినిపించలేదు.

మంగతాయారు గారు కోలలు అటక మీద పెట్టలేదు. కుర్చీలో కూర్చుని నేర్పుతోంది. గెంతొద్దన్నాడు కానీ నేర్పొద్దనలేదుగా అని డాక్టరుకే చెప్పింది. ఇన్నేళ్లలో డీవీడీ ప్లేయర్లన్నీ ఇనప సామాన్లవాడి తోపుడుబండి ఎక్కిపోయాయి, మస్కట్ మహారాణితో సహా. నన్ను చదవగలిగే కన్ను ఇప్పుడు ఈ వీధిలో ఒక్కటీ లేదు. సుభాషిణి బీరువాలో, పట్టుచీరల మధ్య నా మకాం. కర్పూరం వాసన కొంచెం ఎక్కువే కానీ ఫిర్యాదులేమీ లేవు.

సాయంత్రాలు కిటికీలోంచి కోలలు వినిపిస్తాయి. ఇప్పటికీ 'ఎవరమ్మా' దగ్గర ఆగుతారు. మొన్న ఎవరో కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది, "ఇక్కడ ఎందుకు ఆగాలి మామ్మగారూ?" అని.

"అది మన సంప్రదాయమే," అంది మంగతాయారు గారు, ఏమాత్రం తడుముకోకుండా. "పూర్వం నుంచీ ఉంది."

బీరువాలో నేను నా గీతని ఒకసారి తడుముకున్నాను.